మా ఇంటి నిద్రపై ఏకసభ్య కమిషన్ నివేదిక

పొద్దున లేచిన మనిషిని "బాగా నిద్ర పట్టిందా?" అని అడిగితే పూర్వం రెండే జవాబులు ఉండేవి. పట్టింది, పట్టలేదు. మా వారు మూడో జవాబు కనిపెట్టారు. "ఉండు, చూసి చెప్తాను." చూసేది అద్దంలో కాదు, మణికట్టు మీద. రాత్రి నిద్రకి నూటికి ఇన్నని మార్కులేసే ఆ స్మార్ట్ గడియారం ఆ రోజు 71 అంది. అప్పటిదాకా హుషారుగా పాట కూనిరాగం తీస్తున్న మనిషి ఆ అంకె చూడగానే మంచం మీద చతికిలబడి, "అదీ సంగతి! ఒళ్ళంతా పచ్చిపుండులా ఉందేమిటా అనుకుంటున్నాను" అన్నారు.

అదే సమయానికి హాల్లో మా మామగారు తాను మూడున్నరకే లేచిన వార్తను ఆ రోజుకి నాలుగోసారి ప్రకటిస్తున్నారు. దాన్ని ఎవరూ ఖండించలేరు. మూడున్నరకి సాక్షులు దొరకరు కదా. పదహారేళ్ళ మా అమ్మాయి ఇంకా ముసుగు తీయలేదు. మూడుసార్లు లేపాను, మూడుసార్లూ "లేచాను" అని నిద్రలోనే చెప్పింది. నాకు అప్పటికి ఆరో ఆవులింత. ఆవులింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడన్న మాట ఎంత నిజమో అప్పుడే తెలిసింది. నన్ను చూసి మా వారు, ఆయన్ని చూసి మామగారు వరసగా నోళ్ళు తెరిచారు.

నలుగురం మనుషులం, నాలుగు నిద్ర సిద్ధాంతాలు. ఎవరికి ఎన్ని గంటలు కావాలో ఒక్కరికీ తెలియదు. జీవితంలో దాదాపు మూడో వంతు మింగేసే వ్యవహారం ఇలా గాలివాటంగా నడుస్తుండటం నాకు శుద్ధ బాధ్యతారాహిత్యంగా తోచింది. అక్కడికక్కడే ఏకసభ్య కమిషన్ వేశాను. అధ్యక్షురాలినీ సభ్యురాలినీ నేనే. గడువు పెట్టలేదు. కమిషన్ అన్నాక గడువు పెట్టడం, తర్వాత దాన్ని పొడిగించడం, అంతా రెండు పనులు.

విచారణ ఎనిమిదితో మొదలుపెట్టాను. "రోజుకి ఎనిమిది గంటలు పడుకోవాలి" అనని మనిషి లేడు. ఎవరు చెప్పారంటే మాత్రం "అందరూ చెప్తారు" అంటారు. తవ్వుకుంటూ పోతే నాకు డాక్టరు తగల్లేదు, మిల్లు యజమాని తగిలాడు. రాబర్ట్ ఓవెన్. కార్మికుల్ని పొద్దు పొడిచిన దగ్గర్నుంచీ పొద్దు గూకేదాకా యంత్రాలకి కట్టేసే రోజుల్లో, 1817 ప్రాంతంలో, ఆయన ఒక నినాదం ఇచ్చాడు: ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల వినోదం, ఎనిమిది గంటల విశ్రాంతి. నినాదంగా దానికి వంక పెట్టలేం. పెట్టేవాళ్ళు ఎనిమిది గంటలే పనిచేసి ఇంటికొచ్చి పెట్టాలి. కానీ అది 24ని మూడుతో భాగిస్తే వచ్చిన అంకె. మన ఒంటికి భాగహారం వచ్చని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు. పైగా ఆయన అడిగింది విశ్రాంతి. మంచం ఎక్కడం వేరు, నిద్రపోవడం వేరు. పదిన్నరకి మంచమెక్కి ఆరున్నరకి దిగినవాడు ఎనిమిది గంటలు నిద్రపోయానంటాడు. దొర్లింది, దిండు తిరగేసుకున్నది, అర్ధరాత్రి లేచి నీళ్ళు తాగింది, ఎప్పుడో పదేళ్ళ కిందట ఎవరో అన్న మాటకి ఇప్పుడు దీటైన జవాబు తయారుచేసుకున్నది, ఇదంతా కూడా నిద్ర ఖాతాలోనే రాసుకుంటాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా మంచం మీది సమయంలో పదో వంతో అంతకంటే కాస్త ఎక్కువో ఇలా తరుగు పోతుంది.

రెండో సాక్ష్యం పట్టిక. 2015లో అమెరికాలోని నేషనల్ స్లీప్ ఫౌండేషన్ నిపుణుల్ని కూర్చోబెట్టి అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేయించి, వయసులవారీగా లెక్క కట్టించింది. పుట్టిన పసికందుకి 14 నుంచి 17 గంటలు. బడి ఈడు పిల్లలకి 9 నుంచి 11. 14 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకి 8 నుంచి 10. 18 నిండిన దగ్గర్నుంచీ 64 దాకా 7 నుంచి 9. అక్కడి నుంచి 7, 8 చాలు.

ఎంతో ఆశతో నా వరస మీద వేలు పెట్టి చదివాను. 7 నుంచి 9. ఇదొక జవాబా! నా కాలికి ఏ కొలత చెప్పులు పడతాయయ్యా అంటే "7కీ 9కీ మధ్య ఏదో ఒకటి" అన్నట్టుంది. రోజుకి రెండు గంటల తేడా అంటే ఏడాదికి 730 గంటలు. అంటే అక్షరాలా నెల రోజులు. ఏడాదిలో ఒక నెల నేను పడుకుని ఉండాలో లేచి ఉండాలో తేల్చకుండా నిపుణులు సంతకాలు పెట్టేసి వెళ్ళిపోయారు. అదే ఏడాది అక్కడి నిద్ర వైద్యుల సంఘమూ నిద్ర పరిశోధకుల సంఘమూ కలిసి ఇంకో ప్రకటన ఇచ్చాయి. పెద్దవాళ్ళు 7 గంటలు "లేదా అంతకంటే ఎక్కువ" పడుకోవాలట. పై హద్దు పెట్టనే లేదు. కుంభకర్ణుడు బతికుంటే ఆ కాగితానికి పటం కట్టించుకునేవాడు.

పటం మా ఇంట్లోనూ వెలిసింది. మా అమ్మాయి పట్టికని అచ్చు తీసి, తన వరసలో 10 అన్న అంకె చుట్టూ ఎర్రగీత గీసి, గది తలుపుకి అంటించింది. లోపలి వైపు కాదు, బయటి వైపు. "నేను బద్ధకంగా పడుకోవడం లేదమ్మా. ఈ వయసులో ఒంట్లో గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్రవేళైందని ఒంటికి చెప్పే హార్మోను మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది. పెందలాడే పడుకోమన్నా నిద్ర రాదు, పెందలాడే లేపితే నిద్ర పోదు" అని వాదించింది. అబద్ధమేమోనని ఆరా తీశాను. నిజమే. 2014లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం పెద్ద తరగతుల బడులు ఉదయం 8:30 కంటే ముందు తెరవొద్దని కూడా చెప్పింది. కమిషన్‌కి ఇది చాలా చిరాకు కలిగించింది. తప్పు చేస్తున్నారనుకున్నవాళ్ళ దగ్గర ఆధారాలుంటే ఆ విచారణలో మజా ఉండదు. "మరి ఆ మెలటోనిన్ ఊరే వేళకి మొహం మీద ఫోను వెలుగు ఎందుకు?" అని అడిగాను. సాక్షి ముసుగు తన్నేసింది.

మామగారి వాంగ్మూలానికి ఎక్కువ సమయం పట్టింది. సారాంశం ఏమిటంటే మనిషికి నాలుగు గంటలు చాలు, మిగతాది ఒళ్ళుబలుపు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని పెద్దలు ఊరికే అనలేదు, నిజంగా నిద్ర కావలసినవాడు కటిక నేల మీద కూడా పోతాడు, పరుపు మీద దొర్లేవాడికి నిద్ర అక్కర్లేదన్నమాట. "గొప్పవాళ్ళెవరైనా పడుకున్నారా? ఎడిసన్ పడుకున్నాడా?"

పడుకున్నాడు. నిద్రంటే కాలం దండగని ఆయన అందరికీ చెప్పిన మాట వాస్తవమే. కానీ వెస్ట్ ఆరెంజ్‌లో ఆయన ప్రయోగశాల గ్రంథాలయంలో ఒక మంచం ఉంది. ఆయన కునుకు తీస్తుండగా తీసిన ఫోటోలూ ఉన్నాయి. రాత్రి ఎగ్గొట్టిన బాకీని పగలు వాయిదాల మీద తీర్చిన మనిషి. అమెరికా వాస్తుశిల్పి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఆరు గంటలకోసారి అరగంట చొప్పున రోజు మొత్తానికి రెండు గంటలే పడుకుంటూ రెండేళ్ళు గడిపానన్నాడు. 1943లో పత్రికకెక్కింది. ఎందుకు మానేశాడంటే కలిసి వ్యాపారం చేసేవాళ్ళు మామూలు మనుషుల్లా రాత్రిళ్ళు పడుకుంటామని పట్టుబట్టారట. ప్రపంచ ప్రగతి ఇలాంటి చిల్లర మనుషుల వల్లే ఆగిపోతుంటుంది.

"అయితే నాది జన్యువు" అన్నారు మామగారు. ఈ మాట ఆయన ఒక్కరే అనడం లేదు. తక్కువ పడుకునే ప్రతివాడూ ఈ మధ్య అదే అంటున్నాడు. జన్యువు ఉన్న మాట నిజం. 2009లో కాలిఫోర్నియాలో యింగ్-హ్వీ ఫూ బృందం ఒక తల్లీకూతుళ్ళలో డెక్2 అనే జన్యువు మారి ఉండటం గమనించింది. వాళ్ళు ఏళ్ళ తరబడి తక్కువ పడుకుంటూ పగలు ఏ తూగూ లేకుండా ఉన్నారు. ఎంత తక్కువ? రాత్రికి సుమారు ఆరుంపావు గంటలు. అత్యంత అరుదైన ఆ మార్పు ఉన్నవాళ్ళకే ఆరుంపావు కావలసి వస్తే, మా మామగారికి నాలుగు సరిపోవాలంటే కనీసం మరో రెండు జన్యువులైనా తిరగబడి ఉండాలి.

మాటలతో తేలేలా లేదని ప్రశ్నావళి తీశాను. ఆస్ట్రేలియాలో మర్రే జాన్స్ అనే వైద్యుడు 1991లో తయారుచేసిన ఎప్‌వర్త్ కొలబద్ద అది. ఎనిమిది సందర్భాలు చెప్పి, ఒక్కోదాంట్లో కునుకు పట్టే అవకాశం ఎంతో సున్నా నుంచి మూడు దాకా మార్కు వేసుకోమంటారు. మొత్తం 24. పది దాటితే పగటి నిద్ర మోతాదు మించిందని అర్థం. మామగారు మొదటి ఐదు ప్రశ్నలకీ వేలితో గాల్లో సున్నాలు చుట్టారు. చదువుతుంటే? సున్నా. టీవీ చూస్తుంటే? సున్నా. సభలో కదలకుండా కూర్చుంటే? "సభకి వెళ్ళేదే వినడానికమ్మా." కారులో గంటసేపు ప్రయాణం? మధ్యాహ్నం నడుం వాలిస్తే? సున్నా, సున్నా. ఆరో ప్రశ్న: "కూర్చుని ఎవరితోనైనా మాట్లాడుతుండగా." జవాబు రాలేదు. గడ్డం ఛాతీకి ఆనింది. కమిషన్ మూడు వేసుకుంది.

కాసేపటికి కళ్ళు తెరిచి, "పడుకోలేదమ్మా, ప్రశ్నని ఆలోచిస్తున్నాను" అన్నారు. ఆయన అబద్ధమాడారని అనను. నిద్ర తొలి మెట్టులో ఉన్నవాళ్ళని తట్టి లేపితే చాలామంది అసలు పడుకోనే లేదంటారు. మాగన్నుగా పట్టిన ఆ కాసేపూ మనిషికి లెక్కలో ఉండదు. సరే, ఆయన లెక్క నేనే వేశాను. రాత్రి తొమ్మిదికి పడక, మూడున్నరకి లేవడం: ఆరున్నర. మధ్యాహ్నం "ఊరికే కళ్ళు మూసుకోవడం": గంటన్నర. వెరసి ఎనిమిది. 65 దాటినవాళ్ళకి పట్టిక ఇచ్చింది 7 నుంచి 8. ఇంట్లో పట్టికని అక్షరాలా పాటిస్తున్న ఒకే ఒక్క మనిషి, నాలుగు గంటలు చాలని మా అందరికీ క్లాసు పీకేది కూడా ఆ మనిషే.

ఓటమి ఒప్పుకోకుండా ఆయన ఏనుగుని సాక్ష్యానికి పిలిచారు. బోట్స్‌వానా అడవుల్లో రెండు ఆడ ఏనుగుల మీద చేసిన పరిశోధన 2017లో వచ్చింది. అవి రోజుకి సగటున రెండు గంటలే పడుకున్నాయి. "అంత శరీరానికే రెండైతే మనకెంత?" అన్నారు. తలుపు వెనక నుంచి మా అమ్మాయి, "తాతయ్యా, గబ్బిలం ఇరవై గంటలు పడుకుంటుంది. అంత చిన్నదానికే ఇరవై" అంది. జంతువుల సాక్ష్యం ఇక స్వీకరించరాదని కమిషన్ తీర్మానించింది.

ఇక్కడ ఒక్క నిమిషం హాస్యం పక్కన పెడతాను. పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి అందక ఉలిక్కిపడేవాళ్ళూ, ఎన్ని గంటలు పడుకున్నా పగలు తూగుతుండేవాళ్ళూ ఈ లెక్కలన్నీ కట్టిపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. గొట్టం మూసుకుపోయినప్పుడు కుళాయి ఇంకో గంట తిప్పి ఉంచితే బిందె నిండదు.

ఇక మా వారు. ఆయన నిద్రకి ఆయన సాక్షి కాదు, గడియారం సాక్షి. ఆ గడియారానికి తెలిసేది రెండు సంగతులు, చెయ్యి కదులుతోందా, నాడి ఎలా కొట్టుకుంటోంది. నిజంగా నిద్ర కొలవాలంటే తలకి తీగలు తగిలించి మెదడు తరంగాలు చూడాలి, కనుగుడ్ల కదలిక చూడాలి, గడ్డం కింద కండరం బిగువు చూడాలి. మణికట్టుకి ఇవేవీ అందవు. అందుకే మెలకువగా ఉండి కదలకుండా పడుకుంటే చాలాసార్లు దాన్నీ నిద్రగానే జమ కడుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం సోఫాలో కూర్చుని, కళ్ళింత చేసుకుని ఆట చూస్తున్న మనిషికి అది 47 నిమిషాల నిద్ర రాసింది. ఆయన అభ్యంతరం చెప్పలేదు. "పోనీలే, వచ్చింది వదులుకోవడమెందుకు" అన్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. మర్మం కనిపెట్టాక, రాత్రి నిద్ర పట్టకపోయినా శవాసనంలో బిగుసుకు పడుకోవడం మొదలుపెట్టారు. దుప్పటి సర్దబోతే "కదిలించకు, చూస్తోంది" అని పళ్ళ మధ్య నుంచి గుసగుస. రాత్రంతా కళ్ళు తెరుచుకుని దూలాలు లెక్కపెట్టిన మనిషికి పొద్దున 88 వచ్చింది. ఆ రోజంతా ఈలలు వేస్తూ తిరిగారు. వెక్కిరిద్దామనుకుంటే 2014లో వచ్చిన ఒక పరిశోధన అడ్డం వచ్చింది. విద్యార్థుల్ని యంత్రాలకి తగిలించినట్టు నటించి, కొందరికి "రాత్రి నీ నిద్ర బ్రహ్మాండం" అనీ, కొందరికి "అంతంత మాత్రం" అనీ ఉత్తుత్తి అంకెలు చెప్పారు. బ్రహ్మాండం అనిపించుకున్నవాళ్ళు తర్వాత పరీక్షల్లో మెరుగ్గా చేశారు. వాళ్ళు నిజంగా ఎలా పడుకున్నారన్న దానితో పెద్దగా పని పడలేదు. అంటే 71 చూసి ఒళ్ళు నొప్పులు తెచ్చుకున్న మా వారు నటించలేదు. ఆయన ఒళ్ళు గడియారం మాట వినడం నేర్చుకుంది, అంతే. నిద్ర అంకెల కోసం నిద్ర పాడుచేసుకునే ఈ అవస్థకి వైద్యులు 2017లో ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. పేరు తెలిశాక మా వారికి కొంచెం గర్వంగా ఉంది.

ఆయన ఫోనులో ఇంకొకటుంది. ఎన్నింటికి లేవాలో చెబితే ఎన్నింటికి పడుకోవాలో చెబుతుంది. 10:16, లేదా 11:46. మధ్యలో పడుకోకూడదు, వర్జ్యం. నిద్ర 90 నిమిషాల విడతలుగా సాగుతుందనీ, విడత మధ్యలో లేస్తే రోజంతా మత్తుగా ఉంటుందనీ దాని శాస్త్రం. విడతలు ఉన్నమాట నిజమే. కానీ ఒక్కో విడత 70 నిమిషాలు ఉండొచ్చు, 120 ఉండొచ్చు. మనిషి మనిషికీ మారుతుంది, ఒకే రాత్రిలో ఒకే మనిషికీ మారుతుంది. ముహూర్తం 10:16 దాటిపోయిందని ఆయన 11:46 దాకా హాల్లో పచార్లు చేసిన రాత్రి నాకు గుర్తుంది. ఎందుకంటే ఆ రాత్రి నేనూ పడుకోలేదు.

అలా తిరుగుతూనే ఇంకో సంగతి చదివారు. 2002లో డేనియల్ క్రిప్కే బృందం 11 లక్షల మంది లెక్కలు తీస్తే, రాత్రికి 7 గంటలు పడుకుంటామన్నవాళ్ళలో మరణాలు అందరికంటే తక్కువగా ఉన్నాయి. తక్కువ పడుకునేవాళ్ళలోనూ ఎక్కువ, 8 పైన పడుకునేవాళ్ళలోనూ ఎక్కువ. ఇక చూడండి, పొద్దున మెలకువ రాకపోతే చావు ముంచుకొస్తోందన్నట్టు ఏడు గంటలు నిండగానే మోగేలా అలారం పెట్టారు. ఎక్కువ పడుకోవడం వల్ల పోయారో, లోపల ఏదో జబ్బుండి ఎక్కువ పడుకున్నారో అంత పెద్ద లెక్క కూడా తేల్చలేదని చెప్పి చూశాను. ప్రాణభయం ఉన్న మనిషికి గణాంకశాస్త్రం ఎక్కదు.

చివరికి మిగిలిన సాక్షిని నేను. నాకు ఆరు గంటలు అలవాటు. అలవాటు అన్న మాటే కమిషన్‌ని నిలదీసింది. నేను బాగానే ఉన్నానని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీద ఒక పరిశోధన నీళ్ళు చల్లింది. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హాన్స్ వాన్ డాంగెన్, డేవిడ్ డింగెస్ బృందం ఆరోగ్యంగా ఉన్న 48 మందిని ప్రయోగశాలలో పెట్టి గుంపులు చేసింది. రెండు వారాల పాటు ఒక గుంపుకి రాత్రికి 8 గంటల పడక, రెండోదానికి 6, మూడోదానికి 4. ఇంకో గుంపుకి వరసగా మూడు రాత్రులు అసలు లేదు. పరీక్ష చాలా చిన్నది, తెరమీద అంకె కనబడగానే మీట నొక్కాలి. ఎనిమిది గంటలవాళ్ళు నిలకడగా ఉన్నారు. ఆరు, నాలుగు గంటలవాళ్ళు రోజురోజుకీ జారుతూ, రెండు వారాలయ్యేసరికి ఒకటి రెండు రాత్రులు రెప్ప వాల్చకుండా కూర్చున్నవాళ్ళ స్థాయికి దిగిపోయారు.

నన్ను కలవరపెట్టింది ఆ తర్వాతి సంగతి. "నిద్ర వస్తోందా?" అని వాళ్ళని అడుగుతూ వచ్చారు. మొదటి కొన్ని రోజులు వస్తోందన్నారు. తర్వాత వాళ్ళ జవాబు అక్కడే ఆగిపోయింది. పర్వాలేదు, అలవాటైపోయిందన్నారు. చేతి చురుకు మాత్రం రోజూ పడిపోతూనే ఉంది. మనిషి పాడవుతున్న కొద్దీ తాను పాడయ్యానని చెప్పవలసిన భాగమే ముందు పాడవుతుందన్నమాట. కమిషన్ అధ్యక్షురాలిగా ఇక్కడ నాకొక ధర్మసంకటం ఎదురైంది. ఈ విచారణ అంతా చేస్తున్నది ఆరు గంటల నిద్ర మీద నడుస్తున్న బుర్రే కదా!

ఇక నా మీద నేనే నిఘా పెట్టాను. ఒకే పేరా మూడుసార్లు చదవడం. కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు వెతకడం. అలారాన్ని ఆపి, దాన్ని ఆపినట్టు గుర్తు లేకపోవడం. ఆదివారం పదింటిదాకా పడుకుని, లేచాక విమానంలో ఖండాలు దాటొచ్చినట్టు తల దిమ్మెక్కడం. దీనికీ 2006లో టిల్ రోనెబర్గ్ బృందం సోషల్ జెట్‌లాగ్ అని పేరు పెట్టింది. అన్నిటికంటే, తల దిండు మీద పెట్టగానే నిద్ర పడుతుందని ఇన్నేళ్ళూ చెప్పుకుంటున్న నా గొప్ప. అది గొప్ప కాదట. ప్రయోగశాలల్లో పగటిపూట పడుకోబెట్టి ఎన్ని నిమిషాల్లో నిద్రపోతారో చూసే పరీక్ష ఒకటుంది. సగటున ఎనిమిది నిమిషాల్లోపు పోతే నిద్రమత్తు మితిమీరినట్టే లెక్క. దానికి ఇంటి పద్ధతి కూడా ఉంది. మధ్యాహ్నం మంచం పక్కన నేల మీద పళ్ళెం పెట్టి, చేతిలో చెంచా పట్టుకుని, టైము చూసుకుని కళ్ళు మూసుకోవాలి. నిద్ర పట్టగానే చెంచా జారి పళ్ళెంలో పడుతుంది, ఆ చప్పుడుకి లేచి టైము చూసుకోవాలి. నాకు మూడు నిమిషాలకే ఖంగుమంది. ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడింది. మా అమ్మాయి తప్ప.

బాకీ ఉందని తేలింది. ఎంతని? మామూలు కూడికలు ఇక్కడ పనికిరావు. 1963 డిసెంబరు, 1964 జనవరిల్లో ర్యాండీ గార్డ్‌నర్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు బడి ప్రాజెక్టు కోసం 264 గంటలు మేలుకున్నాడు. పదకొండు రాత్రులు, రాత్రికి 8 చొప్పున 88 గంటల బాకీ. అదయ్యాక ఏకబిగిన పడుకున్నది సుమారు 14 గంటలు, ఆపై కొన్ని రాత్రులు మామూలు కంటే కాస్త ఎక్కువ. మిగతాది మాఫీ. ఇంత ఉదారమైన అప్పులవాడు ఇంకెక్కడా దొరకడు, కాకపోతే వాడు వడ్డీ ఏ అవయవం నుంచి వసూలు చేస్తాడో ముందుగా చెప్పడు.

అసలు అంకె తేలాలంటే దారి ఒకటే కనబడింది. అలారం లేకుండా, తొందర లేకుండా, వరసగా రెండు వారాలు ఒకే వేళకి పడుకుని, దానంతట అది మెలకువ వచ్చినప్పుడు లేవడం. పరిశోధకులు ఇంతకంటే కష్టపడ్డారు. నిద్ర శాస్త్రానికి ఆద్యుడనదగ్గ నథానియల్ క్లైట్‌మన్ 1938లో శిష్యుడు రిచర్డ్‌సన్‌తో కలిసి కెంటకీలోని మామత్ గుహలోకి దిగి, సూర్యుడు కనబడని చీకట్లో 32 రోజులు ఉన్నాడు. రోజుని 28 గంటలకి సాగదీయగలమా అని చూడటానికి. కుర్రవాడైన శిష్యుడి ఒళ్ళు సర్దుకుంది. గురువుగారి ఒళ్ళు మాత్రం భూమి మీది 24 గంటల లెక్కనే పట్టుకుని వేలాడింది. ఆయన 104 ఏళ్ళు బతికారు. ఈ సంగతి మామగారికి చెప్పలేదు, రేపు గుహ కావాలంటారు.

మా ఇంట్లో గుహ లేదు కాబట్టి రెండు వారాల సెలవు పెట్టి పడకగదినే గుహ చేశాను. దళసరి తెరలు. ఫోను గది బయట. మధ్యాహ్నం దాటాక కాఫీ బంద్, ఎందుకంటే మెదడులో నిద్రని పోగుచేసే అడినోసిన్ కూర్చోవలసిన చోట కెఫీన్ ముందే వెళ్ళి తువ్వాలు పరిచి కూర్చుంటుంది. సాయంత్రం ఐదుకి తాగినదాంట్లో దాదాపు సగం రాత్రి పదికీ ఒంట్లోనే ఉంటుంది. సరిగ్గా పదిన్నరకి దీపం ఆర్పడం. పొద్దున మెలకువ వచ్చిన టైము కాగితం మీద రాయడం. నిద్ర పట్టడానికి పోయిన పావుగంట తీసెయ్యడం. గడియారం పెట్టుకోమని మా వారు బతిమాలారు. ఒప్పుకోలేదు.

మొదటి రోజు 9 గంటల 40 నిమిషాలు. లేచేసరికి మంచం చుట్టూ ముగ్గురూ నిలబడి ఉన్నారు. రెండో రోజు 9:20. "అమ్మా, నువ్వూ నాలాంటిదానివే" అంది మా అమ్మాయి, జీవితంలో మొదటిసారి నన్ను గౌరవంగా చూస్తూ. మూడో రోజు 9 గంటలు వచ్చేదే గానీ, తెల్లవారుజామున మూడున్నరకి మామగారు తలుపు దగ్గర నిలబడి, "కమిషన్ గారు పడుకున్నారా, లేచారా?" అని వాకబు చేశారు. ఆ రోజుని లెక్కలోంచి తీసేశాను. నిజానికి మొదటి వారం మొత్తం తీసెయ్యాలి. అది పాత బాకీ వసూళ్ళ వారం. అప్పటి అంకె చూసి "నాకు తొమ్మిదిన్నర కావాలి" అనుకుంటే, వరద వచ్చిన రోజున ఏటి లోతు కొలిచినట్టే.

ఐదో రోజు 8:20. ఏడో రోజు 8. ఎనిమిదో రోజు నుంచి ఒక విచిత్రం. 7:35. 7:45. 7:30. 7:50. ఎంత పడుకుందామన్నా అక్కడికి వచ్చేసరికి కళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి, మళ్ళీ మూసినా మూతపడలేదు. మధ్యాహ్నం చెంచా పరీక్ష మళ్ళీ పెట్టుకున్నాను. పావుగంట గడిచినా పళ్ళెం మోగలేదు. చివరికి చెయ్యి నొప్పి పుట్టి నేనే చెంచా పక్కన పెట్టేశాను. కళ్ళజోడు కళ్ళకే ఉందని వెతక్కుండానే తెలిసింది.

పద్నాలుగో రోజు రాత్రి అందర్నీ హాల్లో కూర్చోబెట్టి నివేదిక చదివాను. కమిషన్ అధ్యక్షురాలికి రాత్రికి కావలసిన నిద్ర 7 గంటల 40 నిమిషాలు. మిగతా సభ్యులు ఎవరి సెలవు వాళ్ళు పెట్టుకుని ఎవరి అంకె వాళ్ళు తేల్చుకోవాలి, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు.

మా వారు వెంటనే ఫోను తీసి, 7:40 అంటే తొంభైతో భాగిస్తే శేషం మిగులుతోందని ఆందోళన వెలిబుచ్చారు. మామగారు చాలాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించారు. అది ఆలోచనే అనుకుని ఆగాం. కళ్ళు తెరిచి, "ఎనిమిదికి ఇరవై నిమిషాలు తక్కువ వచ్చిందే. ఆ మిగిలిన ఇరవై నిమిషాలూ ఏం చేస్తావమ్మా?" అన్నారు.

నేను జవాబు వెతుక్కునేలోపే మా అమ్మాయి లేచి, తలుపుకున్న పట్టికని చింపి వెనక్కి తిప్పి, కలంతో సహా నా ముందు పెట్టింది.

"నా పేర రాసిచ్చెయ్యమ్మా. రేపు పొద్దున వాడుకుంటాను."